ఇల్లు కొనేముందు రూతమ్మగారు చూసినవి

ఈ ఉదయం ఎదురింటి గోడలకు వెల్ల వేస్తున్నారు. తడి సున్నం వాసన కిటికీలోంచి వచ్చి నా గదంతా నిండింది. చాలామందికి అది పండగ వాసన. నాకు మాత్రం అది తగలగానే కోపం వస్తుంది, ఎవరో ఏదో దాస్తున్నారనిపిస్తుంది. ఇంత వయసు వచ్చినా ఆ అనుమానం పోలేదు. అది నాకు రూతమ్మగారి వల్ల అబ్బింది.

పంతొమ్మిదివందల ఇరవైలలో నర్సీపట్నం ఆడపిల్లల బడిలో నేను టీచర్ని, ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. మిషను క్రైస్తవుల కుటుంబం. తెల్ల నేతచీర, చేతిలో నల్ల గొడుగు. పిల్లల్ని కూడా ఆవిడ గట్టిగా కసిరిన గుర్తు లేదు. కానీ ఒక ప్రశ్న అడిగారంటే, జవాబు వచ్చేదాకా ఎదుటి మనిషి ముఖం మీంచి చూపు తిప్పేవారు కాదు. ఆ చూపుకు నేను కూడా భయపడేదాన్ని.

మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. అద్దె ఇళ్ళతో విసిగిపోయి, పాత వీధిలో అమ్మకానికి వచ్చిన ఒక పెంకుటిల్లు కొనాలనుకున్నాం. వీధి నిండా ఉద్యోగస్థులే, మర్యాదస్థులే. ఇల్లుగలాయన విశ్వనాథంగారు ఊళ్ళో ఒక ప్లీడరు దగ్గర పనిచేసేవాడు. ఇల్లు ఏడాదిగా ఖాళీగా ఉందని, రేపే దిగిపోవచ్చని చెప్పాడు. ఈ సంగతి సంబరంగా రూతమ్మగారితో చెప్పాను.

"వీధిని చూసి ఇల్లు కొంటారా కామాక్షీ? ఒకసారి నేనూ వస్తాను," అన్నారు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ, మా ఆయన, నేను ముగ్గురం వెళ్ళాం. ఇంటికి కొత్తగా వెల్ల వేసి ఉంది. రూతమ్మగారు గొడుగు మొనతో గోడ అడుగున గీస్తే సున్నం రేకులుగా ఊడి, లోపల చెమ్మ కనిపించింది. గుమ్మాలు తట్టి చెద చూశారు. వానాకాలం వీధి నీళ్ళు ఎటు పోతాయని అడిగారు. విశ్వనాథంగారు ఒక్కోదానికీ నవ్వుతూ జవాబు చెబుతూనే, ఆవిడ వంటింటి గడప దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు అక్కడే ఉండండమ్మా. వంటిల్లు కదా," అన్నాడు.

నాకు ముఖం మాడిపోయింది. ఆ రోజు నేను మాట్లాడకుండా ఊరుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట. ఆవిడ మాత్రం "అలాగేనండి" అని ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళారు. కాసేపటికి వంటింటి కిటికీ అవతలినుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏడాదిగా ఎవరూ లేరన్నారు. నూతి చేదతాడు తడిగా ఉందేమండీ? కామాక్షీ, పొయ్యిలో చెయ్యిపెట్టి చూడు."

పెట్టాను. బూడిద వెచ్చగా ఉంది.

వెల్ల వేసిన కూలీలు వండుకున్నారేమోనని విశ్వనాథంగారు ఏదో నసిగాడు. ఈలోగా పక్కింటి ఆవిడ గోడ మీదుగా తల ఎత్తి, "కాలీ ఏటమ్మా, పెద్దమ్మగారు ఉన్నారు కదా. బేగి రమ్మని సెప్పి మా గేదెల సాలలో కూకోబెట్టేరు," అంది.

ఆ సాలలో గేదె పక్కన, తవుడు బస్తా మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు సుబ్బమ్మగారు, విశ్వనాథానికి వదిన. అన్న పోయి ముప్ఫై ఏళ్ళట. నెత్తిన ముసుగు, చేతిలో మరచెంబు.

"ఇక్కడెందుకు కూర్చున్నారమ్మా?" అని రూతమ్మగారు అడిగారు.

"కొనేవాళ్ళు వచ్చేసరికి విధవ ఎదురైతే అశుభమన్నాడు మా మరిది. ఇలా కూర్చోవడం ఇది నాలుగోసారి."

"ఇల్లు అమ్మేస్తే మీరెక్కడుంటారు?"

"పాయకరావుపేటలో చుట్టాలున్నారట. నేనెప్పుడూ వాళ్ళని చూడలేదు. మా మామగారు పోయేముందు నా కోసం ఏదో రాయించారు. ఆ కాగితం మరిది దగ్గరే ఉంది."

తిరిగి వచ్చే దారిలో నేను ఒక మాట అన్నాను. "అది వాళ్ళింటి గొడవ. ఆవిడ ఎలాగూ వెళ్ళిపోతుంది కదండీ. మనకెందుకు?"

రూతమ్మగారు ఆగిపోయారు. "ఆవిణ్ణి ఖాళీ చేయించిన గదిలో నువ్వేం పెట్టుకుంటావు కామాక్షీ?" అన్నారు. చూపు తిప్పలేదు. ఆ కాగితం సంగతి కనుక్కోమని మా ఆయనతో అన్నాను.

మా ఆయన రిజిస్ట్రారు కచేరీలో వెతికించి ఆ దస్తావేజు నకలు తెచ్చారు. కోడలు బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉండాలని, ఎవరూ లేవగొట్టకూడదని మామగారు స్పష్టంగా రాయించాడు. అది చూపిస్తే విశ్వనాథం తడబడనైనా లేదు. "చదువురాని మనిషి, ఏ కోర్టుకు వెళ్తుందండీ? మీరు కొనుక్కుని తాళం వేసుకోండి, అంతే," అన్నాడు, తాంబూలం నములుతూ. రోజూ పొద్దున్నే విభూతి పెట్టుకుని ధర్మశాస్త్రం మాట్లాడే మనిషి. రూతమ్మగారు గడప దాటితే ఇల్లు మైలపడుతుందన్న మనిషి. తన ఇంట్లో నలభై ఏళ్ళు వండిపెట్టిన ఆడదాన్ని గేదెల మధ్య దాచినప్పుడు ఆయనకు ఏ మైలా అంటలేదు.

మేము ఆ ఇల్లు కొనలేదు. రూతమ్మగారు అంతటితో ఊరుకోలేదు. నకలు పట్టుకెళ్ళి పెరట్లో నిలబడి సుబ్బమ్మగారికి రెండుసార్లు చదివి వినిపించారు. పరాయి మతస్థురాలు మా ఇంటి విషయాల్లో దూరుతోందని విశ్వనాథం ఊరంతా చెప్పాడు, బడి పెద్దలకూ ఫిర్యాదు చేశాడు. వీధిలోని మర్యాదస్థులంతా దానికింద సంతకాలు పెట్టారు. సుబ్బమ్మగారిని సాలలో కూర్చోబెట్టిన సంగతి తెలియనివారు వాళ్ళలో ఒక్కరూ లేరు. నెల తిరగకుండా రూతమ్మగారిని కొయ్యూరు దగ్గర, కొండల్లో చలిజ్వరాల ఊరికి బదిలీ చేశారు. బండి ఎక్కేముందు నకలు నా చేతిలో పెట్టి, "మళ్ళీ ఎవరైనా ఇల్లు చూడడానికి వస్తారు," అన్నారు. అంతే.

వచ్చారు. తుని నుంచి ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య. నేను వీధిలోనే వాళ్ళని ఆపి కాగితం చదివాను. విశ్వనాథం అరుగు మీదనుంచి నన్ను నానా మాటలూ అన్నాడు. చివరిదాకా చదివాను. వాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు. ఆ తరవాత మరో ఇద్దరికి చదివాను, అప్పటికి అలవాటైంది. ఇంక ఎవరూ రాలేదు. కొండల్లోనుంచి రూతమ్మగారు రాసే ఉత్తరాల్లో ఎప్పుడూ మొదటి వాక్యం ఒక్కటే: "సుబ్బమ్మగారు ఇంట్లోనే ఉన్నారా?" ఉన్నారని రాసేదాన్ని. ఆరేళ్ళు అలాగే రాశాను. చివరికి సుబ్బమ్మగారు తన గదిలో, తన మంచం మీద పోయారు. ఆ సంగతి రాసిన ఉత్తరం అందేనాటికి రూతమ్మగారు జ్వరంతో మంచానపడి ఉన్నారట. మళ్ళీ ఉత్తరం రాలేదు.

ఇళ్ళు కొనేవాళ్ళు ఇప్పటికీ నా సలహా అడుగుతారు. గోడ, నుయ్యి, దస్తావేజు చూసుకోమంటాను. ఆ ఇంటి నుంచి ఎవరు వెళ్ళిపోవాల్సి వస్తుందో కూడా అడగమంటాను. కొందరు విసుక్కుంటారు, పెద్దదాన్నైపోయానని, కోపం తగ్గించుకోమని అంటారు. రూతమ్మగారు నాకు ఇచ్చి వెళ్ళింది ఆ కోపమే. దాన్ని తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు.