వరండా బల్బు, మా వీధి లైన్

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పడుకునే ముందు డైరీ రాయడం నాకు అలవాటు. అందులో గొప్ప సంగతులేమీ ఉండవు. ఎండ, వాన, ఇంటికి వచ్చినవాళ్లు, ఆ పూట వండిన కూర. ఈ మధ్య పాతవి తిరగేస్తుంటే ఒకటి కనిపించింది. ఇన్నేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసిన మాట నా భాషది కాదు. లైన్. ‘లైన్ పోయింది.’ ‘లైన్ వచ్చింది.’ ‘లైన్ ఇచ్చాను.’ ‘లైన్ తిరిగి అప్పగించారు.’

నేను కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం బేతంచెర్లలో ఉన్నాను, చివర్లో కర్నూలుకు వచ్చాను. బేతంచెర్లలో ఈ మాట ఊరందరిదీ. పాలిష్ ఫ్యాక్టరీల్లో బండను కోసే ముందు రంగు అద్దిన దారం లాగి వదిలి గీత వేసేవాళ్లు. దాన్ని లైన్ కొట్టడం అనేవాళ్లు. రైల్వే స్టేషన్‌లో లైన్ క్లియర్ అంటే బండి రావచ్చని. మా దగ్గర లైన్ క్లియర్ అంటే తీగలో ఇక ఏమీ రాదని, మనిషి స్తంభం ఎక్కవచ్చని.

దీని మీద స్టేషన్‌లో పనిచేసే ఒకాయనకూ నాకూ టీ బంకు దగ్గర రోజూ వాదనే.

“నేను లైన్ క్లియర్ ఇస్తే రైలు నిండా జనం దిగుతారప్పా. నువ్వు ఇస్తే ఊరంతా చీకటి. ఎవురు గొప్ప?” అనేవాడు.

“నేనిచ్చినాక ఏమన్నా వచ్చిందంటే ఒగ మనిషి పోతాడు” అన్నాను ఒకసారి.

ఆ పూట టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

మా పనిలో ఒక కట్టడి ఉండేది. మరమ్మతు కోసం కరెంటు ఆపించి లైన్ ఎవరు తీసుకుంటే వాళ్లే తిరిగి అప్పగించాలి. వాళ్ల అన్న వచ్చి చెప్పినా, పై ఆఫీసరు వచ్చి చెప్పినా స్విచ్ వేయకూడదు. తీసుకున్న మనిషి గొంతు మళ్లీ వినిపించేదాకా ఆ లైన్ అతనిదే. ఆ గొంతు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం. మనుషుల ముఖాలు ఎరగకుండా గొంతులు గుర్తుపట్టడం అక్కడే నేర్చుకున్నాను.

రిటైరయ్యాక కల్లూరులో కొత్తగా పడిన ఒక కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం అయిన కొన్నాళ్లకు ఫ్యూజు పోతే ఒక లైన్‌మ్యాన్ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, పడమటి పల్లెల నుంచి వచ్చినవాడు. నేను గేటు తీసి “ఎవరు కావాలి?” అనగానే ఆగిపోయాడు.

“ఈ గొంతు నాకు తెలుసు సార్. ‘ముందు నీ పేరు చెప్పు, ఆనక లైన్ అడుగు’ అని నన్ను తిట్టిన గొంతు గదా ఇది!”

నేనూ గుర్తుపట్టాను. నా ఉద్యోగం చివరి ఏళ్లలో అతను అటువైపు ఫోన్‌లో ఉండేవాడు. ఆ రోజు నుంచి మా వీధికి వచ్చినప్పుడల్లా మా వరండాలో మజ్జిగ తాగి పోయేవాడు. నా భార్యను అమ్మా అని పిలిచేవాడు. మాట మీద మాట విసిరి నవ్వించేవాడు.

“నాకు లైన్ పని కొత్త గాదమ్మా. మా ఇంటిదానికి లైన్ వేసి వేసి రెండు జతల చెప్పులు అరిగినాయి. ఆయమ్మ ఒప్పుకున్నాకనే ఈ ఉద్యోగం వచ్చింది.”

“ఇప్పుడు లైన్లో పెట్టింది ఎవరో?” అంది నా భార్య.

“ఇంకెవురు, ఆయమ్మే! రోజూ మూడుసార్లు ఫోన్ చేస్తాది, దిగినావా అని. పోయినావా అని అడగదు, తిన్నావా అని అడగదు. దిగినావా అనే.”

అప్పుడు ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత ఆ మాట నాలో ఉండిపోయింది.

మా వీధి చివర ఒక వాటర్ ప్లాంట్ పెట్టారు. యజమాని రాజంపేట వైపు మనిషి, మర్యాదస్తుడు. నీళ్ల క్యాన్లు ఆటోల్లో ఊరంతా పోయేవి. పెళ్లిళ్ల రోజుల్లో కరెంటు పోతే పని ఆగకూడదని ఆయన ఎక్కడి నుంచో పాత జనరేటర్ తెచ్చుకున్నాడు. అది మొదలైతే వీధిలో కిటికీ రెక్కలు అదిరేవి.

అది వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. మా వరండాలో ఒక పాతకాలం బల్బు ఉంది, తీగ కాలి వెలిగే రకం. కొడుకు మార్చమంటే నేనే వద్దన్నాను. కరెంటు పోయిందని ఇద్దరం బయటికి వచ్చి కూర్చున్నాం. వీధి చివర జనరేటర్ మొదలైంది. కొంచెం సేపటికి నా భార్య తల ఎత్తి చూసి, “అదేంటి?” అంది.

బల్బు లోపలి తీగ ఎర్రబడి ఉంది. వెలుగు లేదు. పొయ్యిలో ఆరిపోతున్న నిప్పులా ఎరుపు మాత్రం ఉంది. వీధంతా చీకటి. జనరేటర్ ఆగింది, బల్బు ఆరింది.

లేచి నిలబడ్డాను. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తోందో నాకు అప్పుడే తెలిసింది. జనరేటర్ వేసేటప్పుడు ప్లాంట్‌ను వీధి లైన్ నుంచి పూర్తిగా విడదీయాలి. అందుకోసమే ఒక స్విచ్ ఉంటుంది, ఇటు వేస్తే అటు తెగుతుంది. ఇక్కడ చిన్న చిన్న కర్మాగారాల వాళ్లు చాలామంది ఆ స్విచ్ పెట్టించరు. బోర్డులో మూడు ఫ్యూజులు పీకి పక్కన పెట్టి జనరేటర్ వేస్తారు. మూడూ పీకితే ఫరవాలేదు. ఒకటి మిగిలితే వాళ్ల కరెంటు వెనక్కి తిరిగి వీధి తీగలోకి పోతుంది. ఇళ్లన్నీ పంచుకోగా బల్బుకు ఎరుపే అందినా, మనిషిని చంపడానికి అది చాలు. సబ్‌స్టేషన్‌లో కూర్చున్నవాడికి ఆ లైన్ చచ్చిపోయి ఉంటుంది. స్తంభం దగ్గర బతికే ఉంటుంది.

మరునాడు పొద్దున్నే ప్లాంట్‌కు పోయాను. యజమాని కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్లు ఇప్పించాడు.

“మూడూ పీకుతాండాం పెద్దాయనా. నేనే చెప్పినా పిల్లోళ్లకు.”

“బోర్డు ఒకసారి చూపించు.”

“చూడండి, మీకన్నా తెలిసినోళ్లు యాడ ఉండారు?”

చూశాను. రెండు ఫ్యూజులు పట్టుకుని లాగడానికి వీలుగా ఉన్నాయి. మూడోదాని పిడి విరిగిపోయి ఉంది. దాని స్థానంలో రాగి తీగ మెలిపెట్టి నేరుగా కలిపేశారు. అది పీకడానికి రాదు. ఎవరూ పీకడం లేదు.

“ఇది మార్చు నాయనా. స్విచ్ పెట్టించు. మనిషి చస్తాడు.”

“ఈ పెండ్లిళ్లు దాటినాక పెట్టిస్తా. మీ మీద ఒట్టు.”

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే పెట్టిస్తాననే అనుకున్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కరెంటు ఆఫీసులో చెప్పాను, రాసుకున్నారు. లైన్‌మ్యాన్‌కు చెప్పాను. “మీ బల్బుకు దయ్యం పట్టింది సార్, రాయలసీమ దయ్యం, కరెంటు లేకున్నా బతుకుతాది” అని నవ్వాడు.

“గొలుసు వేస్తున్నావా, ఎక్కేముందు?”

“ఫోన్‌లో లైన్ తీసుకుంటాండా గదా. గొలుసు ఎవురు వేస్తాండారు సార్ ఇప్పుడు? బండి డబ్బాలో ఉండాది, బరువుకు.”

గొలుసు అంటే ఇనప గొలుసు. ఒక కొన స్తంభం ఎర్తుకు, అంటే భూమిలోకి దిగే తీగకు కట్టి, రెండో కొన తీగల మీదికి విసరాలి. తీగలో ఏదైనా మిగిలి ఉంటే అది భూమిలోకి పోతుంది. చూడటానికి మోటుపని. మా కాలంలో గొలుసు వేయకుండా నిచ్చెన మీద కాలు పెట్టినవాడిని పెద్ద లైన్‌మ్యాన్లు చెంప మీద కొట్టేవాళ్లు.

పక్కింటావిడ ఒకరోజు గోడ మీదుగా సంతోషంగా చెప్పింది, “మా ఇంట్లో కూడా కరెంటు పోయినాక దీపమంత వెలుగు వస్తాంది పెద్దయ్యా. మా లైనే మంచిది!”

“ఆ వెలుగు మంచిది కాదమ్మా” అన్నాను.

“ఉచితంగా వచ్చేది మంచిది కాకుండా యాడికి పోతాది?”

ఆ తర్వాత కరెంటు పోయిన ప్రతిసారీ నేను వరండాలోకి పోయి బల్బు స్విచ్ వేసి తల ఎత్తి నిలబడేవాణ్ని. జనరేటర్ వేయకపోతే బల్బు నల్లగా ఉండేది. వేస్తే ఎర్రబడేది. నా భార్యా వచ్చి పక్కన నిలబడేది.

వేసవిలో ఒక మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. దుమ్ముతో ఆకాశం ఎర్రగా అయింది. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. వేపకొమ్మ ఒకటి విరిగి మా వీధి తీగల మీద పడింది. కరెంటు పోయింది. కొంతసేపటికి లైన్‌మ్యాన్ వచ్చాడు. ఫోన్‌లో లైన్ తీసుకున్నాడు. అతను మాట్లాడటం వరండాలో నుంచి నాకు వినిపించింది. నిచ్చెన స్తంభానికి వేశాడు. బల్బు చూశాను, నల్లగా ఉంది. ప్లాంట్ నుంచి శబ్దం లేదు. పెళ్లి వాళ్ల ఆటో ఒకటి క్యాన్ల కోసం దాని ముందు ఆగి ఉంది.

అతను నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు వీధి చివర జనరేటర్ దగ్గి, దగ్గి, అందుకుంది.

బల్బు వైపు తిరిగాను. తీగ మెల్లగా ఎర్రబడింది.

నేను పరుగెత్తే వయసు దాటాను. ఆ రోజు ఎలా పోయానో తెలియదు, గేటు తగిలి మోకాలు చీరుకుపోయింది. అరిచాను. జనరేటర్ మోతలో అతనికి వినబడలేదు. ఇంకో రెండు మెట్లు ఎక్కితే చేతికి తీగ అందుతుంది. అతని జేబులో ఫోన్ మోగినట్టుంది. ఆగి, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీసి, మోత మీదుగా గట్టిగా అరిచాడు.

“ఇంకా దిగలేదు… ఇప్పుడే ఎక్కుతాండా. లైన్లో ఉండు, నిమిషంలో అయిపోతాది.” ఫోన్ ఆపకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అప్పటికి నేను స్తంభం కిందికి చేరాను. సబ్‌స్టేషన్‌లో వాడిన గొంతు మళ్లీ నాలో ఎక్కడి నుంచో లేచింది.

“ఈ లైన్ నేను ఇయ్యలేదు. దిగు!”

కిందికి చూశాడు. నేను రిటైరయ్యానని, లైన్ ఇవ్వడానికి నాకు ఏ అధికారం లేదని అతనికి తెలుసు. అయినా ఆ గొంతుకు అతని కాళ్లు వాటంతటవే దిగాయి.

“ఏంది సార్, సబ్‌స్టేషన్‌లో ఆపినారు గదా…”

“బల్బు ఎర్రబడింది. గొలుసు వెయ్.”

“మీ బల్బు మాట విని నేను పని చేసుకునేటట్టు ఉంటే…”

“గొలుసు వెయ్.”

నా మోకాలి రక్తం చూసి బండి దగ్గరికి నడిచాడు. బండి డబ్బా తెరిచాడు, గొలుసు తీశాడు. ఒక కొన స్తంభానికి బిగించాడు. నన్ను వెనక్కి జరగమన్నాడు. రెండో కొన చేతిలో ఊపి పైకి విసిరి వదిలేశాడు.

నీలం మంట లేచింది. చప్పుడు జనరేటర్ మోతను కూడా మింగేసింది. గొలుసు పాములా ఎగిరి స్తంభాన్ని కొట్టుకుంది. తీగ మీది ఆకులు కాలి మా మీద రాలాయి. వీధి చివర జనరేటర్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ వీధిలో నేను ఎప్పుడూ వినలేదు.

ఆ నిశ్శబ్దంలో అతని చొక్కా జేబులోంచి సన్నగా ఒక ఆడమనిషి గొంతు. “అలో… అలో… ఏమైంది? మాట్లాడు… అలో…”

అతను ఫోన్ తీయలేదు. తన రెండు చేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. నేనే జేబులోంచి తీసి అతని చెవి దగ్గర పెట్టాను.

“దిగినా” అన్నాడు. కాళ్ల కింద నేలను చూసుకుని మళ్లీ, “దిగే ఉండా. ఈడనే, నేల మీద ఉండా.”

ప్లాంట్ యజమాని పరుగెత్తుకుంటూ వచ్చి మాడిన గొలుసును చూశాడు. మా ఇద్దరి ముందూ చేతులు జోడించాడు. మరుసటి రోజే స్విచ్ పెట్టించాడు, నన్ను పిలిచి చూపించాడు. లైన్‌మ్యాన్ ఇప్పుడు గొలుసు వేయకుండా నిచ్చెన తీయడం లేదు. మజ్జిగకు వస్తాడు, జోకులు తగ్గాయి. మాట్లాడుతూ ఉన్నట్టుండి అరచేతులు చూసుకుంటాడు.

కాలనీ పెరుగుతోంది. మా వెనక వీధిలో ఒక పిండిమర పెట్టారు, దాని పక్కన ఒక వెల్డింగ్ షాపు. రెండింటికీ జనరేటర్లు వచ్చాయి. స్విచ్ ఉందా అని అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పారు, “ఫ్యూజులు పీకుతాండాం పెద్దయ్యా.” బోర్డు చూపించమంటే పిండిమర ఆయన చూపించాడు. రెండో ఆయన తాళం వేసి ఉందన్నాడు. ఆ సంగతి లైన్‌మ్యాన్‌కు చెప్పాను. తల ఊపాడు.

బల్బు మార్చమని ఇప్పుడు ఇంట్లో ఎవరూ అనడం లేదు. దాని స్విచ్ ఎప్పుడూ వేసే ఉంటుంది. నిన్న సాయంత్రం కరెంటు పోగానే పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చి, “మీ బల్బు ఎట్లుంది పెద్దయ్యా?” అని అడిగింది. నల్లగానే ఉందమ్మా అన్నాను. ఆ మాట పూర్తవుతుండగానే వెనక వీధిలో ఏదో జనరేటర్ అందుకుంది. ఆవిడ ఇంట్లోకి పోలేదు. నా భార్య వచ్చి నా పక్కన నిలబడింది. ముగ్గురం తలలెత్తి చూస్తూ ఉండిపోయాం.