చిక్కడపల్లిలో బందరు దుప్పటి

ఒక పెళ్లికని బందరు నుంచి హైదరాబాదు వెళ్లి, చిక్కడపల్లిలో స్నేహితురాలి ఇంట్లో దిగాను. నాది బందరని వినగానే ఆమె అత్తగారు బీరువాలోంచి పాత కలంకారీ దుప్పటి తీసి మంచం మీద పరిచారు.

"మా నాయనమ్మ పెండ్లిది. పలంగ్‌పోష్ అంటం. మీ బందర్ల అద్దిందే. ఇసొంటియి ఓడలెక్కి ఇరాన్ దాక పోయినయంట. జర మెల్లగ పట్టుకో బిడ్డా."

మా ఇంట్లో దాన్ని ఉత్త దుప్పటి అనేవాళ్లం. మా తాత బతికినన్నాళ్లూ అలాంటివే అద్దాడు. అన్నీ అమ్మకానికే పోయాయి. చేతిరుమాలంత ముక్క కూడా మాకు మిగల్లేదు. కడుపు మండిపోయింది.

"నాకిస్తారా అండీ?" అని అడిగేశాను.

"ఎట్లిస్త బిడ్డా? మనుమరాలికి ఇస్తనని మాటిచ్చిన," అంటూ ఆవిడ మడత పెట్టేశారు.

టీ తాగుతూ ఊరి కబుర్లన్నీ చెప్పాను. దుప్పటి బాగుందన్న మాట మాత్రం నా నోట రాలేదు.