తొమ్మిది పాటల పాత కాపీ

1979లో ఎమ్మిగనూరు టాకీసుకు పాత సినిమా మళ్లీ వస్తే, జట్కాలో మైకు పట్టుకొని ఊరంతా చాటేది మౌలాలి. పోయినసారి యజమాని గోపాలయ్య చెప్పమన్నట్టే "సరికొత్త కాపీ" అని చాటాడు. తీరా చూస్తే మూడు పాటలు లేవు. అబద్ధం యజమానిది, తిట్లు మౌలాలివి. అతని గొంతు వినబడితే నేతగాళ్లు మగ్గం ఆపి మరీ నవ్వేవాళ్లు.

ఈసారి ఆదోని నుంచి రీళ్ల పెట్టెలు దిగగానే మౌలాలి ఆపరేటరు పక్కన కూర్చొని సినిమా మొత్తం చూశాడు. ఆ తర్వాతే జట్కా ఎక్కాడు.

"ఏమప్పా, ఈసారి ఎన్ని పాటలు మింగినారు?" అంటూ నేతగాడు విరూపాక్షి బండికి అడ్డం నిలిచాడు.

మౌలాలి మైకులోనే జవాబిచ్చాడు. "కాపీ పాతదే అన్నా. తెర మీద వాన పడినట్టు గీతలుండాయి. అయితే పాటలు తొమ్మిదీ ఉండాయి, నేనే ఎంచినా. ఒక్కటి తగ్గినా ఈ మైకు మళ్లీ పట్టను."

"నా కొంప ముంచినావు గదప్పా," అని జట్కా టాకీసుకు తిరిగి రాగానే గోపాలయ్య తల పట్టుకున్నాడు.

మొదటి ఆటకే నేల టికెట్లు అయిపోయాయి. జనం పాట పాటకూ గట్టిగా లెక్కపెట్టారు. తొమ్మిదో పాట మొదలవగానే విరూపాక్షి లేచి, తెర మీదికి విసరాలని తెచ్చుకున్న చిల్లరంతా గుమ్మంలో నిలబడ్డ మౌలాలి మీద చల్లాడు.

"రేపు కూడా పాతదనే సెప్పు," అన్నాడు గోపాలయ్య.