రిపోర్టులో పెట్టని టార్గెట్లు

కొత్త పిస్తోలు ఏదొచ్చినా ముందు నేను విప్పి చూస్తాను, తర్వాత నా దోస్తు కాల్చి చూస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే మా పద్ధతి. నేను జనగామ వాణ్ణి, పోలీసు ఆయుధాలు బాగుచేయడం నా పని. వాడిది మానుకోట పక్కన తండా. ట్రైనింగులో ఇద్దరం ఒకే బ్యారక్‌లో పడ్డాం. కొత్తగా చేరిన కానిస్టేబుళ్లకు కాల్పులు నేర్పేది వాడే. వాడు చేత పట్టి "మంచిగుంది" అన్నాడంటే అధికారులు కూడా మరో మాట అడగరు.

పోయిన చలికాలం ఒక సెమీ ఆటోమేటిక్‌ని భూపాలపల్లి వైపు అడవి పక్కనున్న కాల్పుల రేంజికి తీసుకుపోయాం. మేం బాగుందంటే అవే కొంటారట. దాని పిడి వెనక ముక్కను చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. పైన చిన్న అద్దం, అందులో ఎర్ర చుక్క. చుక్క ఎక్కడ నిలిపితే తూటా అక్కడికి పోవాలి.

వాడు ఐదు తూటాలు కాల్చాడు. రెండు టార్గెట్ కాగితానికే తగల్లేదు. "ఏందిరా, ఇంకా నిద్రమత్తు వదల్లేదా?" అని నవ్వాను. నా నోరు పడిపోను.

"పిడి లావుంది" అన్నాడు. చిన్న ముక్క వేసిచ్చాను. మళ్లీ అంతే. "ట్రిగ్గర్ మంచిగ లేదు, ఎంత లాగితె పేలుతదో తెలుస్తలేదు" అన్నాడు. ట్రిగ్గర్‌కు చిన్న త్రాసు తగిలించి పదిసార్లు లాగి చూశాను. ప్రతిసారీ అదే బరువు, అదే చోటు. "అయితె గా అద్దమే కదులుతున్నట్టుంది" అన్నాడు. అద్దం స్క్రూల మీద నేను గీసిన తెల్లరంగు గీత గీసినట్టే ఉంది. అయినా అన్నీ విప్పి, కింది పలక తుడిచి, మళ్లీ బిగించాను. వాడి చెయ్యి తప్పుతుందని నాకు తట్టనే లేదు. ఈ దిక్కుమాలిన పిస్తోల్లోనే ఏదో లోపముందని తిట్టుకుంటూ మధ్యాహ్నం దాకా దానితో కుస్తీ పట్టాను.

చివరికి విసుగొచ్చి నేనే కాల్చాను. నేనేమంత గురి ఉన్నవాణ్ణి కాదు. ఐదూ అరచేయంత చోటులో పడ్డాయి.

వాడు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "నీకు చుక్క గుండ్రంగ కనవడ్తుందా?" అని అడిగాడు.

"గుండ్రంగనే ఉందిరా. నీకెట్ల కనవడ్తుంది?"

"తోక లెక్క సాగుతుంది. ఒకటిగాదు, రెండు మూడున్నయి." కుడిచెయ్యి నా ముందు చాపాడు. "వేలు ట్రిగ్గర్ మీద ఉందో లేదో గూడ తెలుస్తలేదురా. షుగరు కండ్లకు, నరాలకు పట్టిందని దవాఖానల చెప్పిండ్రు. ఏడాదాయె. ఇంట్ల గూడ చెప్పలె."

ఈ సంగతి తెలిస్తే వాణ్ణి రేంజి మీద నిలబడనివ్వరు. నిలబడనివ్వకూడదు కూడా, అది నాకూ తెలుసు. కానీ వాడికి అది ఉద్యోగం కాదు, ప్రాణం.

రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. పిస్తోల్లో తప్పుందని అబద్ధం రాయలేను. తప్పు లేదని రాసి వాడి టార్గెట్లు పక్కన పెడితే, చూసినవాడెవడైనా ఇట్టే పట్టేస్తాడు. అందుకని వాడి కాగితాలు తీసేసి, నావీ, ఆ రోజు నా తర్వాత కాల్చిన రేంజి కానిస్టేబుళ్లు ఇద్దరివీ పెట్టాను. పరీక్షించినవాళ్ల పట్టికలో వాడి పేరు లేదు. స్నేహితుణ్ణి కాపాడానని లోలోపల సంబరపడ్డాను కూడా, వెధవని.

వాడు రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. "నావేవి?"

"పెట్టలేదురా. నీ మంచికే."

"తప్పిండని రాస్తె గూడ ఏమనకపోదును. అసలు నేను కాల్చనే లేదని రాసినవు గదరా!"

ఆ వారమే తనంతట తానే పెద్దసారుకు జబ్బు సంగతి చెప్పేశాడు. మహదేవపూర్ వైపు స్టేషన్లో కాగితాల పని ఇచ్చారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నిన్న వాడి భార్య ఎత్తింది. నన్ను సొంత అన్నలా చూస్తుంది, ఆమెకు దాపరికం తెలియదు.

"ఈడనే ఉన్నడన్నా, నా పక్కనే కూసున్నడు. లేనని చెప్పుమంటుండు."

"సరే చెల్లె" అని పెట్టేశాను. యాభై దాటినవాణ్ణి, ఆయుధాల గది తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.