అమ్మ దంతపు దువ్వెన

నేను మలయా దేశంలో తెలుక్ ఆన్సన్ దగ్గర ఒక రబ్బరు తోటలో కిరాణీగా, అంటే గుమాస్తాగా, ఉన్న రోజులవి. విశాఖపట్నం జిల్లాలో మా తాతగారి ఎదుట ఎవరూ చెప్పులతో నడిచేవారు కారు. ఆ వైభవంలో నా దాకా మిగిలింది మా అమ్మ తల దువ్వుకున్న దంతపు దువ్వెన ఒక్కటే.

ఒక ఆదివారం నా భార్య వరండాలో కూర్చుని దానితో మా అమ్మాయికి జడలు వేస్తోంది. ఒక జడ అయింది. ఇంతలో తోట దొరసాని తన బొచ్చుకుక్కను చంకనెత్తుకుని వచ్చింది. పిల్లి అంత కుక్క, నేలను ఊడ్చేంత బొచ్చు. రోజూ దువ్వకపోవడంతో చెవుల వెనక ఉండలు కట్టింది. దొరసాని నా భార్య చేతిలోని దువ్వెన లాక్కుని, మా మెట్టు మీదే కూర్చుని కుక్కను దువ్వడం మొదలుపెట్టింది.

"అది మా అమ్మది. ఇలా ఇవ్వండి" అన్నాను.

ఆవిడ నవ్వి, వచ్చీరాని అరవంలో, "ఎవరిదైతేనేం, కిరాణీ? చిక్కు తీస్తే చాలు" అంది.

"ఏటండీ, ఊరుకోండి. పని పోతాది" అని నా భార్య గొణిగింది.

నేను ఊరుకోలేదు. "అయితే మీరు తల దువ్వుకునే దువ్వెన తెప్పించండమ్మా. దానితో ఈ చిక్కు నేనే తీస్తాను" అన్నాను.

ఆవిడ మొహం కందగడ్డ అయింది. దువ్వెన నేలకేసి కొట్టి వెళ్లిపోయింది. నా భార్య దాన్ని కుంకుడుకాయ రసంతో కడిగి, రెండో జడ కూడా దానితోనే వేసింది.

మర్నాడే దొర నన్ను తీసేశాడు. పని పోయినందుకు నాకు చింత లేదు. ఆ నవ్వు తలుచుకుంటే మాత్రం ఈనాటికీ ఒళ్లు మండుతుంది.