ముక్కు కింద వేలు

ఆ రోజుల్లో నా కుడిచేతి చూపుడువేలికి ఒకటే పని. నిద్రపోతున్న బిడ్డ ముక్కు కింద ఆగి, ఊపిరి వస్తోందా లేదా అని చూడడం. వెచ్చగా తగిలేది. ప్రాణం కుదుటపడేది. వేలు తీసి ఇటు తిరిగేసరికి, ఇందాక తగిలింది ఊపిరేనా, ఒట్టి గాలా అని అనుమానం. మళ్ళీ వేలు. అన్నం వారుస్తూ వారుస్తూ గంజి చేతిమీద ఒంపుకుని మరీ లేచి పరుగెత్తేదాన్ని. బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. ఏడిస్తే నాకు సంతోషం.

ఇదెక్కడి పిచ్చి అనుకునే ముందు ఒక మాట వినండి. నా మొదటి బిడ్డ మగపిల్లవాడు. కడప దగ్గర మా పుట్టింట్లో, నలభయ్యో రోజు మధ్యాహ్నం, పాలు తాగి నా పక్కన పడుకున్నాడు. నేనూ పడుకున్నాను. లేచి చూసేసరికి వాడి ఒళ్ళు చల్లగా ఉంది. జ్వరం లేదు, జబ్బు లేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ సమయంలో నేను నిద్రపోయానని నాకు తెలుసు కదా. పచ్చి బాలింతవు, కళ్ళు పోతాయని నన్ను ఏడవనివ్వలేదు. సరే అని ఊరుకున్నాను.

రెండేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. అప్పటికి కర్నూలు రాజధాని అయింది. మా ఆయన గుమాస్తాగా పనిచేసే ఆఫీసు ఒక గుడారంలో ఉండేది. ఊళ్ళో ఇల్లు దొరకడమే గగనం. పాత ఊళ్ళో ఒక పొడుగాటి ఇంట్లో సగం మాకు, సగం దూదేకులవాళ్ళకు. ఆ వాటాలో ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు ఉండేవాళ్ళు. పరుపులకు దూది ఏకడం వాళ్ళ పని. తెల్లవారిందంటే ఏకుడు విల్లు మోగేది. పెరడు ఒకటే, బట్టలు ఆరేసే తీగా ఒకటే. ఆ తీగ మీద నెలకోసారి ఒక పొడుగాటి తెల్లగుడ్డ కనబడేది. అవ్వ దాన్ని ఉతికేది కాదు, ఊరికే ఎండకు వేసి, సాయంత్రం మడిచి లోపలికి తీసుకుపోయేది. పండక్కి దాచిన కొత్త పంచె కాబోలు అనుకునేదాన్ని.

నిద్ర లేక బిడ్డ ఎండిపోయింది. మూడో నెల వచ్చినా బుగ్గల్లో కండ లేదు. మా అత్త మొదట దిష్టి తీసింది. ఆమె దిష్టికి కాల్చిన మిరపకాయలు దాచి ఉంటే ఆ ఏడాది ఊరగాయకు సరిపోయేవి. చివరికి ఒకరోజు, నేను వింటూ ఉండగానే, కొడుకుతో చెప్పింది.

“ఇంగ లాభం లేదు నాయనా. ఈమెను పుట్టింటికి పంపీ, కొన్నాళ్ళు ఉండి వస్తాది. పాపను నేను ఆవుపాలు పోసి సాకుతా. ఈ మాదిరైతే బిడ్డ మనకు దక్కదు.”

ఆయన నా వైపు చూడలేదు. ఆదివారం నన్ను కడప బస్సు ఎక్కించాలని తేలింది. అత్త మాటలో అన్యాయమేమీ లేదు. అందుకే నాకు అంత భయం వేసింది. నా చేతుల్లో ఇంకో బిడ్డ పోతుందనే కదా ఆమె అన్నది, రోజంతా నేను అనుకునేదీ అదే.

గురువారం మధ్యాహ్నం అత్త బజారుకు వెళ్ళింది. మండుటెండలో ఉన్నట్టుండి మబ్బు కమ్మి, గాలి లేచి, పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. పెరట్లోకి పరుగెత్తి రెండు వాటాల బట్టలూ గుంజుకొచ్చాను. బిడ్డ గుడ్డలన్నీ అప్పటికే తడిసిపోయాయి. చూరు కిందికి ఉన్న తెల్లగుడ్డ ఒక్కటే పొడిగా ఉంది. లోపల బిడ్డ పక్క తడుపుకుని, పసుపు ఆముదం రాసిన ఒంటితో వణుకుతోంది. గుడ్డను నాలుగు మడతలు వేసి చుట్టేశాను. ఎండ వేడి ఇంకా దాంట్లోనే ఉంది. బిడ్డను ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకున్నాను. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు.

మెలకువ వచ్చేసరికి వాన వెలిసింది. గడపలో అవ్వ కూర్చుని ఉంది.

“ఇద్దురూ బాగా నిద్రపోతాండారని లేపలేదు,” అంది. “ఆ గుడ్డ నాది పాపా.”

“వానకు అన్నీ తడిసినాయవ్వా. పొడిగుడ్డ యాడా దొరకలేదు. ఉతికి ఇస్తాలే.”

“అది కట్టుకునే గుడ్డ కాదు. నేను పోయినాక నాకు చుట్టేదానికి పెట్టుకున్నా. కఫన్ గుడ్డ.”

గుడ్డ లాగి పారేసి బిడ్డ ముక్కు కింద వేలు పెట్టాను. వెచ్చగానే ఉంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. బిడ్డ లేచి రాగం తీసింది. నేను అవ్వ మీద విరుచుకుపడ్డాను. బతికుండగా అట్లాంటిది నలుగురు తిరిగే చోట ఎందుకు ఆరేస్తావని నోటికొచ్చినట్టు అన్నాను. తప్పు నాది, నోరూ నాదే.

అవ్వ అన్నీ విని, కింద పడిన గుడ్డ తీసి దులుపుకుంది.

“ముగ్గురు బిడ్డల్ని మట్టిలో పెట్టినా పాపా. నాలుగోవాడు పుట్టినాక నాకూ నీ మాదిరే ఉన్నింది. వాని రొమ్ము మీద చెవి పెట్టుకోని కూర్చునేదాన్ని. అప్పుడు మా అత్త ఈ గుడ్డ తెచ్చిచ్చి పెట్టెలో పెట్టుకోమనింది. పొద్దున నమాజు అయినాక పెట్టె తెరిచి దీని మీద చెయ్యి పెడతా. నేను పోతా, నా కొడుకూ పోతాడు, ఎప్పుడో తెల్దు, అని నిమ్మళంగా అనుకుంటా. ఒక్కసారే. ఆపైన మూత వేసి దూది కాడికి పోతా. నువ్వు దినమంతా పెట్టె తెరుచుకోని కూర్చోనుండావు. మూత ఉండేది దేనికి మరి?”

గుడ్డ ఒక మూల పసుపు మరక పడింది. ఉతుకుతానన్నా ఇవ్వలేదు.

“ఉండనీ. బిడ్డ నిద్రపోయిన గుడ్డ. నాకూ బాగా నిద్ర పడుతుంది.”

మరునాడు పొద్దున బిడ్డకు నీళ్ళు పోసి పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. వేలు పెట్టాను. తియ్యకుండా, నువ్వూ పోతావు, నేనూ పోతాను, ఎప్పుడో తెలియదు అనుకున్నాను. కన్నతల్లి అనుకోవలసిన మాటేనా అని లెంపలు వేసుకోబోయి ఆగాను. ఇంకోసారి అనుకునేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. అది ఈ బిడ్డ కోసం కాదు. పోయిన వాడి కోసం, రెండేళ్ళుగా ఏడవకుండా దాచుకున్నది. అత్త వంటింట్లోంచి వచ్చి, చూసి, తిరిగి వెళ్ళిపోయింది.

దాంతో నా జబ్బు ఎగిరిపోయిందంటే అబద్ధం. గంట తిరక్కుండానే వేలు ఊరుకోలేదు. అవ్వ దగ్గరికి పోయాను. ఆమె నా ఒళ్ళో ఇంత పత్తి వేసి, ఆకూ పుల్లా ఏరమంది. రెండు చేతులకూ పని. నేను లేవబోతే, “పొద్దున చూసినావు కదా,” అనేది, అంతే. శుక్రవారం బిడ్డ ఒక జాము నిద్రపోయింది. శనివారం రెండు జాములు. ఆదివారం పొద్దున అత్త నా పెట్టె వైపు చూసి, “ఇంగో వారం చూస్తాములే,” అంది. ఆ వారం అట్లాగే సాగిపోయింది. గుడ్డ సంగతి మాత్రం ఆమెకు చచ్చేదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇల్లంతా పేడనీళ్ళు చల్లి, నన్ను ఆ పూటే బస్సు ఎక్కించేది.

పాలు మానినా, నడక వచ్చినా, రోజూ పొద్దున ఒక్కసారి వేలు పెట్టి ఆ మాట అనుకోవడం నేను మానలేదు. నాలుగేళ్ళు గడిచాయి. ఆఫీసులు హైదరాబాదుకు తరలిపోయినా, ఆయనకు ఊళ్ళోనే వేరే ఆఫీసులో పని దొరికి మేము అక్కడే ఉండిపోయాం.

ఒక పొద్దున ఏకుడు విల్లు మోగలేదు. అవ్వ నిద్రలోనే పోయిందన్నారు. ఆడవాళ్ళు స్నానం చేయించాక, కోడలు పెట్టెలోంచి గుడ్డ తీసి మడత విప్పింది. మరక చూసి ఆగిపోయింది.

“ఇదేందక్కా? అత్త ఇంత జాగ్రత్తగా పెట్టుకునేది కదా. వేరేది తెప్పిద్దామా?”

“వద్దు. మా పాప పసుపు అది. ఉండనీమని అవ్వే చెప్పింది.”

కోడలు నా ముఖం చూసింది. మరక ఉన్న వైపు లోపలికి, అవ్వ ఒంటికి తగిలేలా తిప్పింది.

వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళిస్తూ సాయంత్రం దాకా ఆ వాటాలోనే ఉన్నాను. ఇంటికి వచ్చి చూస్తే, ఆడి ఆడి అలిసిపోయిన నా కూతురు చాప మీద నిద్రపోతోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున నేను వేలు పెట్టి చూడనేలేదు. చెయ్యి చాచాను. రేపు పొద్దున చూడొచ్చులే అని వెనక్కి తీసుకున్నాను. దాని పక్కనే కూర్చుని అవ్వ కోసం ఏడ్చాను.