కొంగల మీదికి నా మెటల్ దండయాత్ర

రొయ్యల రైతును ముంచడానికి లోకంలో చాలా దారులున్నాయి. తెల్లమచ్చ జబ్బు ముంచుతుంది, తుఫాను ముంచుతుంది, సమయం చూసి కరెంటు ముంచుతుంది. పాట పెట్టి ముంచినవాణ్ణి మాత్రం భీమవరం చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ముంచింది పరాయివాళ్ళనైనా కాదు, చిన్నప్పుడు నన్ను భుజాలమీద మోసిన సొంత మేనమామని. ఎలా ముంచానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. మావయ్య నవ్వడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాను. అంటే, చదువుతున్నానని ఇంట్లో అనుకుంటున్నారు. నేను మెటల్ సంగీతం వింటున్నాను. హాస్టల్లో పక్కగది కుర్రాడి అన్నయ్య బెంగుళూరు నుంచి ఒక ఆల్బమ్ తెస్తే, దాన్ని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. ఎక్కడో మంచు దేశపు బృందం. వాళ్ళది మెలోడిక్ డెత్ మెటల్, అందులో పవర్ మెటల్ కలిపారు. ఈ మాటలు అర్థం కాలేదని దిగులుపడకండి. అప్పుడు నాకూ సగమే అర్థమయ్యాయి, మిగతా సగాన్ని గొంతు పెద్దది చేసి కప్పిపుచ్చేవాణ్ణి.

డెత్ మెటల్‌లో గాయకుడు పాడడు, గర్జిస్తాడు. ఊబిలో దిగబడిన గేదె, స్టార్టవ్వని లారీ, పంటి నొప్పితో ఉన్న పులి, ఈ మూడూ ఒకే గొంతులోంచి వస్తున్నట్టు ఉంటుంది. వెనకాల డ్రమ్ములు, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడుతున్నట్టు. అయితే ఇది మెలోడిక్ కాబట్టి, ఆ రభస నడుమ రెండు గిటార్లు జంట సన్నాయిల్లా కమ్మటి రాగం పలుకుతుంటాయి. ఇక పవర్ మెటల్ సంగతి. గర్జన పతాకస్థాయిలో ఉండగా మబ్బు విడినట్టు మరో గొంతు లేస్తుంది. తేటగా, తారస్థాయిలో, గుర్రమెక్కి యుద్ధానికి బయల్దేరిన రాకుమారుడిలా. ఆ పల్లవి వింటే నాకు ఒళ్ళు పులకరించేది. ప్రతి పాటా ఇదే వరస. ముందు గర్జన, తర్వాత పల్లవి.

వేసవి సెలవులకి ఆ క్యాసెట్టుతో సహా మావయ్య ఊరు వెళ్ళాను. మొదటిరోజే అరుగు మీద టేప్ రికార్డర్ పెట్టి వాయించాను. సుభద్రత్తయ్య వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"ఏరా నాన్నా, ఎవరికేమైంది?"

"ఏం కాలేదత్తయ్యా, పాట."

ఆవిడ కాసేపు చెవొగ్గి వింది. మంచి మనసు ఆవిడది.

"పాపం, గొంతు పట్టేసినట్టుందిరా. మిరియాల కషాయం తాగమనకూడదూ?"

అంతలో గుర్రపు రాకుమారుడి పల్లవి వచ్చింది. అత్తయ్య మొహం విచ్చుకుంది.

"అదీ! తగ్గింది చూశావా!"

మావయ్య సుబ్బరాజుగారు మాత్రం అంత జాలిగుండె మనిషి కాదు. చెరువు నుంచి వస్తూనే టేప్ రికార్డర్ కట్టేసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏంట్రా అల్లుడూ ఆ గోల? మనిషికైనా గొడ్డుకైనా పనికొచ్చేదేనా అది?"

ఆ వయసు కుర్రాడి రక్తం ఉడకడానికి ఆ ఒక్కమాట చాలు. పనికొస్తుందని నిరూపించి తీరాలనుకున్నాను. ఆ అవకాశాన్ని కొంగలు ఇచ్చాయి.

మావయ్య కష్టం కూడా చెప్పాలి. అంతకు ముందు పంట తెల్లమచ్చ తగిలి మొత్తం పోయింది. ఈసారి పంట నిలబడకపోతే చెరువు కౌలుకిచ్చేసి, ఇంకొకరి చెరువు దగ్గర అజమాయిషీకి చేరాలి. అది ఆయనకి ప్రాణం పోయినంత పని. రొయ్య బాగానే ఎదుగుతోంది గానీ, వలలేసి రొయ్యని పట్టే పట్టుబడికి ఇంకా కొన్ని వారాలున్నాయనగా కొంగలు, నీటికాకులు చెరువు మీద పడ్డాయి. అవి తిన్నది ఒక ఎత్తు. ఎక్కడో జబ్బు చెరువులో రొయ్యని ముక్కున కరుచుకొచ్చి మన చెరువులో జారవిడిస్తే అది పది ఎత్తులు. మావయ్య చెరువు పైన అడ్డంగా దారాలు కట్టించాడు, డబ్బాలు కొట్టించాడు, టపాకాయలు కాల్పించాడు. కొంగలు దారం మీంచి దాటి, డబ్బా చప్పుడుకి తల తిప్పి, టపాకాయకి ఒక గెంతు గెంతి, మళ్ళీ తమ పనిలో పడేవి.

"మావయ్యా, నా క్యాసెట్టుందండి," అన్నాను గట్టు మీద నిలబడి, గెలిచిన మొహం పెట్టి. "మీరు విని అరనిమిషంలో కట్టేశారు. కొంగలు మాత్రం ఉంటాయేంటండి?"

మావయ్య చాలాసేపు నా మొహంలోకి చూశాడు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దొరక్కపోతే మేనల్లుడే దొరుకుతాడు.

"సరే, పెట్టు."

పెళ్ళిళ్ళకి మైకులు అద్దెకిచ్చే షాపు నుంచి రెండు గొట్టం మైకులు తెచ్చి కొబ్బరిచెట్లకి కట్టించాను. తెల్లారాక, చెరువు మీద కొంగలు ఫలహారం మొదలెట్టిన వేళ, మీట నొక్కాను. మొదటి గర్జన గట్టు దాటేలోపు చెరువు మీదున్న పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటిని ఎవరో గుంజినట్టు కొంగలు, దాని వెనక నల్లటి అంచులా నీటికాకులు. మేత చల్లే సత్తిబాబు పడవలో కూలబడిపోయాడు.

"బాబోయ్! ఏంటండీ అది!"

"డెత్ మెటల్ సత్తిబాబూ," అన్నాను, దాన్ని నేనే కనిపెట్టినట్టు.

ఆ పూట అత్తయ్య నాకు గారెలు వండింది. మావయ్య తన విస్తట్లోవి కూడా నా విస్తట్లో వేశాడు. "మా అల్లుడు రాజమండ్రిలో చదువుతున్నాడండి," అని దారినపోయేవాళ్ళకి కూడా చెప్పాడు. నేను అరుగు మీద కాలు మీద కాలేసుకుని, సంగీతం వల్ల వ్యవసాయానికి కలిగే లాభాల గురించి ఊళ్ళోవాళ్ళకి ఉపన్యాసాలిచ్చాను. అల్పుడికి మైకు దొరికితే మిట్టమధ్యాహ్నం కూడా ఆగడు మరి.

రెండు మూడు రోజులకి మావయ్య నెమ్మదిగా కదిపాడు.

"అల్లుడూ, అరుపులకి ఎగురుతున్నాయి, బానే ఉంది. మధ్యలో ఆ పెళ్ళిపాట ఎందుకురా?"

"పెళ్ళిపాట కాదండి. పవర్ మెటల్."

"ఏదో ఒకటి. అది రాగానే వెధవలు తిరిగొచ్చి చెట్ల మీద కూర్చుంటున్నాయి. అరుపులొక్కటీ విడిగా రికార్డు చేయిస్తే పోలేదూ?"

చూశారా, ఎంత తెలివైన మాటో! ఆ మాట వినుంటే నేనీ పాటికి ఆక్వా రైతుల సంఘాల చేత సన్మానాలు చేయించుకుంటూ ఉండేవాణ్ణి. కానీ నాలోని కళాభిమాని లేచి రొమ్ము విరుచుకున్నాడు.

"ఆల్బమ్‌ని ముక్కలు చెయ్యకూడదండి మావయ్యా. గర్జన ఉంటేనే పల్లవికి అందం. పల్లవి ఉంటేనే గర్జనకి అర్థం. ఆ కలయికే దాని ప్రాణం."

"కొంగలకి తెలుసా ఆ సంగతి?"

"నెమ్మదిగా తెలుస్తుందండి."

తెలిసింది. నాకన్నా బాగా తెలిసింది.

ఇక్కడ సత్తిబాబు పాత్ర కొంచెం ఉంది. గర్జన మొదలైతే అతనికి చెవులు గింగురుమనేవి. అందుకని గర్జన వచ్చినంతసేపూ గట్టెక్కి తలపాగా చెవుల మీదికి లాక్కుని కూర్చునేవాడు. పల్లవి రాగానే పడవెక్కి మేత చల్లేవాడు.

"ఆయ్, ఆ సల్లటి పాటొచ్చినప్పుడు పని బాగా సాగుతాదండి," అన్నాడు నాతో. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానని! పవర్ మెటల్‌కి గోదావరి జిల్లాల్లో తొలి అభిమాని దొరికాడని రాజమండ్రి స్నేహితుడికి ఫోను చేసి మరీ చెప్పాను.

చెట్ల మీది కొంగలు ఇదంతా గమనిస్తున్నాయని నాకేం తెలుసు? వాటి లెక్క చాలా తేలిక. గర్జన వస్తుంది, మనుషులు చెరువులోంచి పారిపోతారు. పల్లవి వస్తుంది, మేత పడుతుంది, మేత కోసం రొయ్యలు గట్టు వారకి వస్తాయి. గర్జన వల్ల ఇంతవరకూ ఏ కొంగకీ ఈక కూడా ఊడలేదు. ఇంకేం కావాలి? కొంగ ముందు శంఖం ఊదితే అన్నం గంట అనుకుందట!

ముందు పల్లవికి దిగడం మొదలెట్టాయి. తర్వాత గర్జన సగంలో ఉండగానే గట్టు మీద వరసగా నిలబడేవి, పెళ్ళి పందిట్లో రెండో బంతి కోసం కాచుక్కూచున్న చుట్టాల్లా. ఒకరోజు పొద్దున్న మీట నొక్కాను. గాయకుడు శక్తినంతా కూడగట్టుకుని గర్జిస్తున్నాడు. ఒక నీటికాకి వచ్చి సరిగ్గా ఆ గొట్టం మైకు మీద వాలి, రెండు రెక్కలూ బార్లా చాచి, తడి ఆరబెట్టుకుంటూ కళ్ళు మూసుకుంది. నా ఆల్బమ్‌ని అంత తన్మయత్వంతో విన్న ప్రాణిని నేను మళ్ళీ చూడలేదు.

"మావయ్యా, ఇంకొంచెం సౌండ్ పెంచితే..." అన్నాను.

పెంచాను. అప్పుడు చూశాం అసలు దృశ్యం. తూర్పు నుంచి కొన్ని, కాలవ అవతల నుంచి కొన్ని, మేం ఎన్నడూ చూడని చెరువుల నుంచి మరికొన్ని, గుంపులు గుంపులుగా పక్షులు మా చెరువు వైపే ఎగిరొస్తున్నాయి. సౌండ్ ఎంత దూరం వినబడితే అంత దూరం నుంచి. మావయ్య తలెత్తి ఆకాశాన్నీ, తల దించి చెరువునీ చూసి, చివరికి నా వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆయన గొంతులో.

"ఒరే అల్లుడూ. మనం పిట్టల్ని తోలట్లేదురా. భోజనానికి పిలుస్తున్నాం."

నేను మీట కట్టేశాను. చెరువంతా నిశ్శబ్దమైంది. కొంగలన్నీ మెడలు సాచి మైకు వైపు చూశాయి, వడ్డన ఎందుకు ఆగిందన్నట్టు.

ఇక ఆలస్యం చేస్తే మిగిలేది నీళ్ళేనని, మావయ్య అనుకున్నదానికన్నా ముందే పట్టుబడి పెట్టించాడు. రొయ్య ఇంకా కొంచెం ఎదగాల్సింది. అయినా జబ్బు తగల్లేదు, చెరువు కౌలుకివ్వాల్సిన గతీ పట్టలేదు. పెట్టుబడి మావయ్య చేతికొచ్చింది. లాభం కొంగల కడుపులోకి వెళ్ళింది. వల లాగుతున్నంతసేపూ నేను గట్టు మీద ఐసు పెట్టెలు మోస్తూ, ఎవరి కళ్ళలోకీ చూడకుండా గడిపాను. అత్తయ్య మాత్రం మజ్జిగ ఇస్తూ, "పోనీలేరా, పక్షులైనా కడుపునిండా తిన్నాయి," అంది. ఆ ఓదార్పుతో నాకు ఇంకా సిగ్గేసింది.

పట్టుబడి అయిన కొద్దిరోజులకి, మేం అరుగు మీద కూర్చుని ఉండగా పక్క చెరువు రైతు వెంకట్రాజుగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాజాల పెట్టె. ఎప్పుడూ గట్టు తగాదాకి తప్ప మా గుమ్మం తొక్కని మనిషి.

"ఏవండీ సుబ్బరాజుగారూ, మీ మేనల్లుడుగారు ఈయనేనాండీ?"

"ఆయ్, వీడేనండి," అన్నాడు మావయ్య, నేరస్థుణ్ణి గుర్తుపట్టిన సాక్షిలా.

వెంకట్రాజుగారు కాజాల పెట్టె నా చేతుల్లో పెట్టి, నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ పాట మహత్తరమైన పాటండి బాబూ! మీరు మైకు కట్టిన దగ్గర్నుంచి మా చెరువు మీద ఒక్క కొంగ వాలితే ఒట్టు. రొయ్య ఏపుగా ఎదిగిందండి. నేనూ మా ఆవిడా రోజూ మీ పేరు చెప్పుకుని కాఫీ తాగుతున్నాం."

మావయ్య దగ్గాడు. వెంకట్రాజుగారు ఆపలేదు.

"పాట ఆపేశారు కదండీ, అప్పట్నుంచి మళ్ళీ అన్నీ మా మీద పడ్డాయి. మా పట్టుబడి అయ్యేదాకా మీ చెరువు మీద ఆ పాట పెట్టించండి. మైకు అద్దె నాదండి. ఏమంటారు?"

మావయ్య ఒక కాజా తీసి నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలి, మింగి, అప్పుడు అన్నాడు.

"క్యాసెట్టు మీరే పట్టుకెళ్ళండి వెంకట్రాజుగారూ. తోడుగా వీణ్ణి కూడా పట్టుకెళ్ళండి."

ఆ మర్నాడే రాజమండ్రి బస్సెక్కాను. బస్సు గోదావరి వంతెన మీదికి రాగానే కిటికీలోంచి ఒక చిల్లర నాణెం నదిలోకి వేసి, ఆ తల్లి సాక్షిగా ప్రమాణం చేశాను. నాకు నచ్చిన సంగీతం లోకానికి పనికొస్తుందని నిరూపించడానికి ఈ జన్మలో మళ్ళీ ప్రయత్నించను. మనుషులు వద్దంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక మూల కూర్చుంటాను. కొంగలు వచ్చి పక్కన కూర్చుంటే మాత్రం అది నా తప్పు కాదు.